విద్యార్థి తొలి పత్రిక

కళాశాలలో చేరిన యువకునకు గాని యువతికి గాని స్వంతముగా ఒక పత్రిక నడపవలెనన్న ముచ్చట కలుగుట వింత కాదు. అట్లు పుట్టిన పత్రికలలో పెక్కు మూడవ సంచిక చూడకుండనే కన్నుమూయుచుండుట విచారింపదగిన సంగతి. అమలాపురమున శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల 1951లో వెలసినది. రాజోలు, కొత్తపేట వైపుల నుండి బస్సులలో వచ్చి ఆ పట్టణమున చదువుకొను పిల్లలలో వ్రాయగలవారికి కొరత లేదు. కొరత యెచ్చట నున్నదో, దానిని తీర్చుకొనుట యెట్లో ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

పత్రిక యనగా అచ్చుయంత్రమే యుండవలెనని లేదు. ఎనిమిది పుటల కాగితము, ఒకరి మంచి దస్తూరి, పది జిరాక్సు ప్రతులు చాలును. కాగితము వలదనుకొన్నవారికి చేతిలోని ఫోను కలదు. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే తెలుగు లిపికి స్థానము లభించినది. నేడు తెలుగున వ్రాసిన పుట యే దేశమందలి తెరపైనను తెలుగుగనే కనిపించును. సాధనమేదైనను మేము చెప్పబోవు సంగతులు మారవు. మా మొగ్గు మాత్రము కాగితము వైపే. బల్లపై పడియున్న వ్రాతపత్రికను ఇంటిలోని అమ్మమ్మ కూడ తిరుగవేసి చూచును.

ఈ నేలకు ఇట్టి యత్నములు క్రొత్త కావు. గోదావరి పాయలుగా చీలి కోనసీమను చుట్టుటకు బయలుదేరునది ధవళేశ్వరము కడ. 1874లో కందుకూరి వీరేశలింగము 'వివేకవర్ధని'ని ఆరంభించునాటికి ఆయన ఆ యూరనే ఉపాధ్యాయుడు, ఇరువదియారేండ్ల వయస్సు. పత్రికను మొదట చెన్నపట్టణమున అచ్చు వేయింపవలసి వచ్చెను. అంత దూరపు ముద్రాశాలను నమ్ముకొని పత్రిక నడపుట యెంత శ్రమయో ఊహింపవచ్చును. పిదప రాజమహేంద్రవరముననే స్వంత ముద్రాశాల ఏర్పడెను. మన విద్యార్థికి ఇందు పనికివచ్చు సంగతి యున్నది. రంగుల అట్టకు ఒకరిని, ఖర్చునకు వేరొకరిని ఆశ్రయించి మొదలిడిన పత్రిక వారికి తీరిక లేనినాడు ఆగిపోవును. తన చేతిలో నున్నంతలోనే మొదలుపెట్టవలెను.

ఆ ధవళేశ్వరముననే 1931లో ముళ్ళపూడి వెంకటరమణ జన్మించెను. బాపు పుట్టినది 1933లో నరసాపురమున. మన సఖినేటిపల్లి రేవున నిలిచి చూచినచో వసిష్ఠకు ఆవలి గట్టున కనిపించు పట్టణమది. మద్రాసులో చదువుకొను దినములలో, 1945లో 'బాల' పత్రికయందు తన కథ అచ్చయిన ఉత్సాహమున రమణ తానే సంపాదకుడై యొక చిన్న పత్రిక పెట్టగా, బాపు దానికి బొమ్మలు వేసెను. అప్పటికి ఇరువురును బడిపిల్లలే. ఒకరు వ్రాయుట, ఒకరు గీయుట అను ఆ పొత్తు జీవితాంతము నిలిచినది. ఒంటరిగా నడపు పత్రికకు జ్వరము వచ్చినను సంచిక తప్పును; అయిదుగురు సంపాదకులున్నచో సంచిక కంటె ముందు తగవు వెలువడును. ఇద్దరు చాలునని మా అభిప్రాయము.

ఇక మూడవ సంచిక గండము. తొలి సంచికలో ఏండ్ల తరబడి దాచుకొన్న పద్యములు, కథలు, ప్రిన్సిపాలుగారి ఆశీస్సులు అన్నియు దిగును. రెండవదానికి మిగిలినవి సర్దుదురు. మూడవ నెలకు పెట్టె ఖాళీ. కనుక మూడు సంచికలకు సరిపడు విషయము చేత నుంచుకొని గాని మొదటిదానిని ఎవరికిని చూపరాదు. పరీక్షల నెలలను ముందుగనే తీసివేసి 'ఏడాదికి ఎనిమిది' అని ప్రకటించుట మేలు. పన్నెండు చెప్పి ఎనిమిది యిచ్చినచో పాఠకుడు లేని నాలుగింటినే జ్ఞాపకముంచుకొనును. చెప్పిన తేదీని మాత్రము తప్పరాదు.

ఏమి వ్రాయవలెనన్న ప్రశ్నయే అన్నింటికంటె పెద్దది. కొబ్బరాకుల గలగలలపైనను, గోదారి వెన్నెలపైనను ఈసరికే కావలసినంత కవిత్వము వచ్చియున్నది. దినపత్రికలలో వచ్చిన వార్తలను తిరిగి వ్రాయుట వృథా. పెద్ద పత్రికలు చెప్పనిది, ఆ యూరివారికి మాత్రమే తెలిసినది యొకటి పట్టుకొనవలెను. అంబాజీపేట కొబ్బరి ధర పత్రికలలో వచ్చును. ఆ కాయ చెట్టు దిగుట యెట్లు? దింపు తీయువాడు దినమునకు ఎన్ని చెట్లెక్కును, అతని కుమారుడు ఎందుకు ఎక్కుట లేదు, ఒలుపు కూలి యెంత, పీచు ఎచటికి పోవును, ఏ కాయను కురిడీకి నిలువ వేయుదురు? ఒక్క కాయ వెంట నడచినచో నాలుగు సంచికలకు చాలును. కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థమును ఏటేట అందరును వర్ణింతురు. గంగలకుర్రు ప్రభలను భుజములపై మోసి కౌశికను దాటించువారిలో ముందు కాలు పెట్టువాడెవరు, ఎట్లు నేర్చెనని అడిగి వ్రాసినది మేము చదువగోరుదుము. 2011లో ధర గిట్టక, మురుగు నీరు పోక, కోనసీమ రైతులు సార్వా విడిచి పంట విరామము ప్రకటించిరి. ఆ యేడు మీ యింటి చేను ఏమయ్యెను?

అన్నింటికంటె ముందు చేయవలసిన పని యొకటి కలదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి, కొబ్బరితోటలు నేలకొరగెను. నేడు కళాశాలలో చదువుచున్న పిల్లలు అప్పటికి పుట్టలేదు. నాడు కుటుంబభారము మోయుచుండినవారు నేడు వృద్ధులు. అంతకు ముందేడు, 1995 జనవరిలో, పాసర్లపూడి చమురుబావి వద్ద అంటుకొన్న మంట రెండు నెలలకు పైగా మండినది. ఆ వెలుతురున రాత్రులు గడపినవారును పెద్దవారగుచున్నారు. ప్రభుత్వ నివేదికలలో నష్టపు లెక్కలుండును. గాలి యే దిక్కు నుండి తిరిగెనో, ఎవరి పెంకుటింటిలో ఎందరు తలదాచుకొనిరో, తెల్లవారి మొదట ఏమి వండుకొనిరో అవి చెప్పవు. ఇట్టి వానిని ఒక్కరినడిగి వ్రాయరాదు. ఒకే వీధిలో ముగ్గురి నడుగవలెను. మాటలు కలియనిచో రెండు విధములుగను వ్రాసి, ఎవరు ఏది చెప్పిరో తెలుపవలెను. పేరు వేయవచ్చునా యని అడుగుట మరువరాదు, వలదన్నచో వలదు.

ఈ విధముగ వ్రాసిన పత్రికకు పాఠకులను వెదకుకొన నక్కరలేదు. తమ యూరి సంగతి వచ్చినదని తెలిసినచో వారే అడుగుదురు. అమలాపురము నుండి రాజోలు పోవు ప్రతి వైనతేయను దాటవలెను. ఆ త్రోవను నిత్యము వచ్చిపోవు సహాధ్యాయియే దానికి తపాలాబంట్రోతు. పూర్వపు వ్రాతపత్రికలలో అభిప్రాయములకై చివర కొన్ని తెల్లపుటలు విడుచువారు. ఆ యలవాటును మరల తెచ్చుకొనదగును. ఆ పుటలలో ఎవరైన 'మా తాత పేరు తప్పు వ్రాసితిరి' అన్నచో, తరువాతి సంచిక మొదటి పుటలోనే దిద్దవలెను. ఎన్ని ప్రతులు పంచితిమన్న లెక్క కంటె, తరువాతి సంచిక యెప్పుడని అడిగినవారెందరన్న లెక్క వ్రాసికొనుట మంచిది. ప్రకటనల జోలికి మొదటి యేడు పోరాదు. పది రూపాయల ప్రకటన యిచ్చిన దుకాణము వారి తూకమును గురించి వ్రాయుటకు కలము వెనుదీయును.

ఇంట రేడియో వినుచుండు తలిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు పత్రికలో పడి చదువు పాడుచేసికొనునని మీరు భయపడుట సహజము. నెలకు ఎనిమిది పుటలు, ఇద్దరు మనుష్యులు అన్న కట్టుబాటు అందుకే చెప్పితిమి. అంతకు మించిననాడు అడ్డుపడుడు. అంతవరకు, మీకు తెలిసిన 1996 నాటి ముచ్చటను మొదట మీ పిల్లలకే చెప్పుడు.

చదువు ముగిసి హైదరాబాదుకో బెంగుళూరుకో పోవునాడు పత్రిక ఏమగును? రెండవ సంవత్సరపు విద్యార్థి నొకనిని ఆరు నెలలు ముందుగనే చేర్చుకొని, చివరి రెండు సంచికలను అతనిచేతనే కూర్పింపవలెను. ప్రతి సంచికకు ఒక ప్రతి ఎవరికిని ఎరువీయరాదు. మొదటి సంచిక నుండి వరుసగా కుట్టించి, ఒక కట్ట కళాశాల గ్రంథాలయమునకు, ఒకటి ఊరి గ్రంథాలయమునకు ఇచ్చి, పుస్తకముల పట్టికలో దాని పేరు ఎక్కినదో లేదో స్వయముగా చూచుకొని రావలెను.