నవల చదివినవారు, చిత్రము చూచినవారు

ప్రసిద్ధి కెక్కిన నవల చలనచిత్రముగా వెలువడినప్పుడు ప్రేక్షకులలో ఏకాభిప్రాయము కుదురుట అరుదు. ఒకే ప్రదర్శన చూచి వచ్చిన ఇద్దరిలో ఒకరు బాగున్నదందురు, మరొకరు డబ్బు దండుగ యందురు. ఇద్దరిలో ఎవరును అబద్ధమాడుట లేదు. వారి వారి మనస్సులలోని ప్రశ్నలు వేరు గనుక సమాధానములును వేరగుచున్నవి. ఈ సంగతి తేటపడుటకు 2006లో లోకమంతట వాదోపవాదములు లేపిన ‘ది డావిన్సీ కోడ్’ అను చిత్రము మంచి ఉదాహరణము. ఆ వాదము మన తెలుగునాటికిని వచ్చి, న్యాయస్థానము మెట్లెక్కెను.

అమెరికా రచయిత డాన్ బ్రౌన్ ఈ నవలను 2003లో ప్రకటించెను. కోట్లకొలది ప్రతులు అమ్ముడుపోయెను. పారిస్ నగరములోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఒక రాత్రి అక్కడి అధికారి హత్యకు గురియగును. శవము చెంత చిక్కు సంకేతములు కనబడును. లాంగ్డన్ అను ఆచార్యుడును, పోలీసు శాఖలో పనిచేయు సోఫీ అను యువతియు వానిని విప్పుచు పోవుదురు. ఏసుక్రీస్తు వివాహితుడనియు, ఆయన వంశము నేటికిని నిలిచియున్నదనియు, ఒక రహస్య సంఘము ఆ సంగతిని శతాబ్దములుగా కాపాడుచున్నదనియు, చర్చి దానిని కప్పిపుచ్చినదనియు కథలో తేలును. రాన్ హోవర్డ్ దర్శకత్వమున, టామ్ హాంక్స్ నాయకుడుగా తయారైన చిత్రము 2006 మే 17న కాన్ చలనచిత్రోత్సవమున ప్రారంభ చిత్రముగా ప్రదర్శితమయ్యెను. రెండు దినములలో అనేక దేశములందు విడుదలయ్యెను.

విమర్శకులలో చాలమంది పెదవి విరిచిరి. కథ నత్తనడక నడచినదనియు, పాత్రలు పరుగెత్తవలసిన చోట ఉపన్యాసములిచ్చుచున్నవనియు వ్రాసిరి. కథానాయకుని పొడవాటి జుట్టు మీద సైతము పరిహాసములు వెలువడెను. అయినను సుమారు పన్నెండున్నర కోట్ల డాలర్ల వ్యయముతో తీసిన ఆ చిత్రము ప్రపంచమంతట 75 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసెను. ఇంతమాత్రమున విమర్శకులు పొరబడిరనుటయు సరికాదు, ప్రేక్షకులకు అభిరుచి లేదనుటయు సరికాదు. టిక్కెట్టు కొనిపించునది కుతూహలము. చూచిన పిమ్మట కలుగు తృప్తి వేరు.

నవల చదివి వచ్చిన ప్రేక్షకుని సంగతి మొదట చూతము. తెర వెనుక సూత్రధారి యెవరో అతనికి ముందే తెలియును. ఊహ కందని మలుపే ప్రాణముగా గల కథకు ఇది పెద్ద లోటు. అందుచే అతడు కథకు బదులుగా మార్పులను కనిపెట్టి చూచును. నవలలో రహస్యమును దాచిన పేటిక తెరచినచో దానిలో మరొక పేటిక ఉండును. చిత్రములో ఉన్నది ఒక్కటే. ఇట్టివి అతనికి వెంటనే కంటబడును.

ఇంతకంటె ముఖ్యమైన భేదము మరొకటి కలదు. ఈ నవల ఒక విధముగా పదబంధ ప్రహేళిక వంటిది. అక్షరములు తారుమారైన మాట ఎదురైనప్పుడు చదువరి పుస్తకము మూసి, కాగితము తీసికొని, తానే విప్పజూడగలడు. విప్పగలిగినచో ఆ గెలుపు అతనిదే. తెరపై బొమ్మ ఎవరికొరకును ఆగదు. దర్శకుడు అక్షరములు వెలుగునట్లు చూపి లాంగ్డన్ ఆలోచనను కంటికి కట్టించెను గాని, ఆలోచించువాడు లాంగ్డనే. ప్రేక్షకుడు ఊరక కూర్చుండవలసినవాడే. పుస్తకమున చురుకుగా తోచిన కథ తెరపై మందకొడిగా తోచుటకు ఇది ఒక కారణము.

నవల చదవని ప్రేక్షకునికి మలుపులన్నియు క్రొత్తవే. కాని పేర్లు, శతాబ్దములు, సంఘములు వరుసగా వచ్చి మీద పడుటచే అతడు తికమకపడును. ఆ సమాచార భారమును సరసముగా మోసిన ఇయాన్ మెక్కెల్లెన్ నటనను, చిత్రము నచ్చనివారు సైతము మెచ్చిరి.

మూడవవారు విశ్వాసులు. వీరి బాధను తేలికగా త్రోసివేయరాదు. నవల ఆరంభముననే ‘వాస్తవము’ అను శీర్షిక క్రింద, ప్రయరీ ఆఫ్ సయన్ అను సంఘము 1099లో స్థాపింపబడిన నిజమైన సంఘమని వ్రాయబడియున్నది. నిజమునకు ఆ పేరుగల సంఘమును ఫ్రాన్సులో 1956లో పియేర్ ప్లాంతార్ అనునతడు స్థాపించెను. దాని ప్రాచీనతను చాటు పత్రములు కల్పించి 1960 దశకమున పారిస్ జాతీయ గ్రంథాలయమున చేర్చబడినవే. కల్పనను కల్పనగా చెప్పుట వేరు, దానిపై వాస్తవమను ముద్ర వేయుట వేరు.

అయితే చిత్రములో ఆ పుట లేదు. పైగా నవలలో లాంగ్డన్ ఒప్పుకొను వాదములకు చిత్రములో అతడే ఎదురు ప్రశ్నలు వేయును. నవలపై న్యాయముగా చేయదగిన ఆక్షేపణ చిత్రమునకు అదే బలముతో వర్తింపదు. ఈ భేదము చిత్రము చూచినవారికి గాని తెలియదు.

మన రాష్ట్రమున జరిగిన చర్చకు మూలమిదే. కేంద్ర సెన్సారు బోర్డు, ఇది కల్పిత కథ యను ప్రకటన చేర్పించి, పెద్దలకు మాత్రమే యను ధ్రువపత్రముతో చిత్రమును అనుమతించెను. అయినను కొన్ని రాష్ట్రములు దానిని నిషేధించెను. వానిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టము క్రింద ఉత్తరువు వెలువడెను. వివాదము హైకోర్టుకు వెళ్ళెను. జస్టిస్ గోడా రఘురాం 2006 జూన్ నెలలో ఆ నిషేధమును కొట్టివేసిరి. చిత్రమును తాను చూచి విచారింపక, కొందరి అభ్యంతరములనే ప్రభుత్వము ప్రమాణముగా గైకొనుట చెల్లదని ఆ తీర్పు సారాంశము. చూడదలచినవానికి చూచు హక్కును, చూడనొల్లనివానికి ఇంట నుండు స్వేచ్ఛయు దీనితో నిలిచినవి.

కావున ఇట్టి చిత్రమును గూర్చి ఒకరి అభిప్రాయము విన్నప్పుడు, నవల చదివితిరా, ఏమి ఆశించి వెళ్ళితిరి అని అడిగినచో వారి మాటలోని విలువ మనకు తెలియును. చదివినవాని నిరాశయు, చదవనివాని తికమకయు, విశ్వాసి మనస్తాపమును, మూడును వినదగినవే. చిత్రము చూడకయే దానిపై తీర్పు చెప్పువాని మాటకు మాత్రము ఆ తూకము రాదు.