డోసు ఒక్కటే.. రేడియేషన్ కొందరికే ఎందుకు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది?

ఒకే క్యాన్సర్‌, ఒకే డోసు. ఒకరికి చర్మం కాస్త కమిలి తగ్గిపోతుంది. మరొకరికి నెలలు గడిచాక ఆ భాగం గట్టిపడి బాధిస్తుంది. ఎందుకిలా?

రేడియేషన్ కణాల్లోని డీఎన్‌ఏను తెంపుతుంది. ఆరోగ్యకరమైన కణాలు దాన్ని బాగుచేసుకుంటాయి. ఆ సామర్థ్యం అందరిలో ఒకేలా ఉండదు. ఏటీఎం జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్న వారికి మామూలు డోసు కూడా ప్రాణాల మీదకు తేవచ్చు. ఇది చాలా అరుదు. మిగతావారిలో అనేక జన్యువుల చిన్న చిన్న తేడాలు కలిసి ప్రభావం చూపుతాయి.

ముందే తెలుసుకోలేమా?

ఫ్రాన్స్‌లోని మాంపెల్లియే పరిశోధకులు ఇందుకు ఓ రక్తపరీక్ష రూపొందించారు. రక్త నమూనాకు 8 గ్రేల రేడియేషన్ ఇచ్చి, ఒక రకం తెల్ల రక్తకణాలు ఎన్ని చనిపోయాయో లెక్కిస్తారు. వింతగా అనిపించినా, తక్కువ చనిపోతేనే దీర్ఘకాలిక దుష్ప్రభావాల ముప్పు ఎక్కువని వారు గుర్తించారు. అయితే ఆస్పత్రుల్లో అందరికీ చేసే పరీక్షగా ఇది ఇంకా మారలేదు.

మీరేం చేయాలి?

గతంలో రేడియేషన్ తీసుకున్నా, స్క్లెరోడెర్మా, లూపస్, షుగర్ ఉన్నా, పొగతాగే అలవాటున్నా చికిత్సకు ముందే డాక్టర్‌కు చెప్పండి. దుష్ప్రభావాలకు భయపడి సొంతంగా మధ్యలో ఆపేయొద్దు. ఆ విరామంలో క్యాన్సర్ కణాలు మళ్లీ పెరగొచ్చు.