మూడు ఎర్ర టిక్కుల భయం

'రేపటి నుంచి కొత్త కమ్యూనికేషన్ రూల్స్' అనే ఫార్వర్డ్ మళ్లీ వచ్చింది. కాల్సన్నీ రికార్డవుతాయట, ఫోన్లన్నీ మంత్రిత్వ శాఖ కంప్యూటర్లకు కలిపేశారట. వాట్సాప్‌లో రెండు నీలం టిక్కుల పక్కన ఎర్రదొకటి పడితే సర్కారు మన మీద చర్య తీసుకోవచ్చట, మూడూ ఎర్రబడితే ఇక కోర్టు సమన్లేనట. ఇది పచ్చి అబద్ధమని కేంద్రం తరఫున పత్రికా సమాచార కార్యాలయం (పీఐబీ) 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది. అయినా తిరుగుతూనే ఉంది. కింద సంతకం ఉండదు, జీవో నంబరుండదు, 'అందరికీ పంపండి' మాత్రం తప్పకుండా ఉంటుంది.

నవ్వి వదిలేయొచ్చు. కానీ నేలకొండపల్లి నుంచి భద్రాచలం అడవి అంచు దాకా పోడు భూముల గురించో, కూలి బకాయిల గురించో పనిచేసేవాళ్ల గ్రూపులో ఇది పడితే నవ్వులాట కాదు. ముందు అడ్మిన్ గ్రూపు మూసేస్తాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఫోన్ తీసి చెరపడం మొదలుపెడతారు: చేలో కందకం తవ్వుతున్న పొక్లెయిన్ వీడియో, పీకి గట్టున పడేసిన పత్తి మొక్కల ఫొటో, వచ్చిన అటవీశాఖ వాళ్లతో జరిగిన వాదన. అటవీ హక్కుల చట్టం పట్టుకుని రేపు గ్రామసభలోనో కోర్టులోనో నిలబడినప్పుడు చూపించాల్సినవి అవే. సాక్ష్యం మాయం చేయడానికి అవతలివాళ్లు చెమటోడ్చక్కర్లేదు, ఒక ఫార్వర్డ్ చాలు.

అసలు నిఘా పెట్టేవాడు రంగు టిక్కు పెట్టి మరీ చెబుతాడా? తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు 2024 మార్చిలో అరెస్టుల దాకా వెళ్లింది. పోలీసుల స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో (ఎస్‌ఐబీ)లో కూర్చుని నాయకుల ఫోన్లు, పాత్రికేయుల ఫోన్లు విన్నారన్నది ఆరోపణ. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారుతున్న వేళ హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది దాని వెంటే ఉన్న మరో ఆరోపణ. విన్నారంటున్న ఫోన్లలో ఒక్కదానిలోనైనా టిక్కు రంగు మారిందా? మామూలు కాల్ టెలికాం కంపెనీ గుండా పోతుంది. వినాలంటే హోం కార్యదర్శి స్థాయి ఉత్తర్వు కావాలని సుప్రీంకోర్టు 1996లోనే పీయూసీఎల్ కేసులో కట్టడి పెట్టింది. ఆ కట్టడిని దాటినా, దాటకపోయినా మన చెవికి చప్పుడు రాదు.

వాట్సాప్ సంగతి వేరు. మెసేజ్ ఒక ఫోన్‌లో తాళం పడి ఇంకో ఫోన్‌లోనే తెరుచుకుంటుంది, దారి మధ్యలో చదవడం కుదరదు. అందుకే చదవదలచినవాళ్లు దారి వదిలేసి కొసకు వస్తారు: చేతిలో ఫోన్, బ్యాకప్, జీమెయిల్, గ్రూపులో ఒక సభ్యుడు. 2021 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు బండ్లాపి, జనం ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో గంజాయి అనే మాట వెతికిన వీడియోలు చూశాం కదా. ఏ సాంకేతికతా అక్కర్లేదు, ఫోన్ ఇవ్వమంటే చాలు.

కొసకు రావడమంటే ఏమిటో భీమా కోరేగావ్ కేసులో చూడండి. 2018 ఆగస్టులో కవి వరవరరావును హైదరాబాద్‌లో అరెస్టు చేసింది ఆ కేసులోనే. అందులో మరో నిందితుడు రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను పరీక్షించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్, నెట్‌వైర్ అనే మాల్వేర్ ద్వారా అందులోకి ఉత్తరాలు చొప్పించారని 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఎన్‌ఐఏ ఒప్పుకోలేదనుకోండి. మాల్వేర్ వచ్చిన దారేమిటంటే, 2016 జూన్‌లో వరవరరావు ఈమెయిల్ ఖాతా నుంచి ఎవరో పంపిన ఒక ఫైలు. తెలిసినవాళ్ల పేరు కనబడింది, తెరిచారు. అంతే.

మన ఊళ్లలో ఇంతకన్నా తేలిక దారి ఉంది. కొత్త ఫోన్ కొంటే జీమెయిల్ తెరిచేది సెల్ షాపు కుర్రాడు. పాస్‌వర్డ్ కూడా అతనే పెడతాడు, ఎక్కువగా ఫోన్ నంబరే. ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ వెళ్లేది ఆ ఖాతాలోకే. మూడో టిక్కు కోసం కళ్లు చించుకుని చూసేవాళ్లలో తమ జీమెయిల్ పాస్‌వర్డ్ చెప్పగలిగేవాళ్లెందరు?

'ఫలానా నంబరు నుంచి కాల్ వస్తే ఎత్తొద్దు, ఎత్తితే హ్యాక్' అన్నది కూడా పుకారే. అయితే దీన్ని పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు, చిరాకే అయినా ఒప్పుకోవాలి. 2019లో వాట్సాప్ కాల్‌లోని ఒక లోపం గుండా, ఎత్తకపోయినా సరే, పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ ఫోన్‌లో దూరింది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1,400 మంది మీద ఆ దాడి జరిగింది. భద్రాచలం అవతల బస్తర్‌లో పనిచేసే న్యాయవాది బేలా భాటియా వారిలో ఒకరు. కానీ ఆ లోపాన్ని 2019 మేలోనే పూడ్చేశారు. అలాంటి ఆయుధం ఖరీదు కూడా సామాన్యం కాదు. కాబట్టి నంబర్ల జాబితా బట్టీపట్టడం మానేసి, వాట్సాప్‌నూ ఫోన్‌నూ అప్‌డేట్ చేసుకోండి. డేటా అయిపోతుందని అప్‌డేట్లు ఆపేసుకున్న ఫోనే అన్నిటికన్నా ముందు దొరుకుతుంది.

మిగతా అపోహలకు ఒక్కో ముక్క చాలు. స్టార్ హ్యాష్ 62 హ్యాష్ కొడితే తెలిసేది కాల్ ఫార్వర్డింగ్ సంగతే, ట్యాపింగ్ కాదు. టెలిగ్రామ్ మామూలు చాట్‌కు వాట్సాప్ పాటి తాళం కూడా లేదు. 'నేనేం తప్పు చేశాను, నాకేం భయం' అనేవాళ్ల ఫోన్‌లో బాధితుల నంబర్లు, ఫిర్యాదు చేసిన ఆడవాళ్ల పేర్లు ఉంటాయి. భయపడాల్సింది వాళ్ల కోసం.

ఈ వారంలో జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, సెల్ షాపులో కాదు, ఇంట్లో కూర్చుని. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి, బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి, లింక్డ్ డివైసెస్‌లో తెలియని కంప్యూటర్ ఉంటే తీసేయండి. వేలిముద్ర పక్కనబెట్టి ఆరంకెల పిన్ వాడండి. వేలిని పట్టుకుని ఫోన్ మీద పెట్టడం ఎవరికైనా తేలికే. ఫైలు తెలిసినవాళ్ల నుంచే వచ్చినా, తెరిచేముందు ఫోన్ చేసి అడగండి.

వీడియోలు మాత్రం చెరపకండి. మామూలుగా పంపితే వాట్సాప్ వాటిని కుదించేస్తుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, ఒక కాపీ మెమరీ కార్డులో వేసి వేరే ఇంట్లో ఉంచండి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి హ్యాష్ విలువతో (ఫైలుకు వేలిముద్ర లాంటిది) సర్టిఫికెట్ జతచేయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా హ్యాష్ మారిపోతుంది. అందుకే ఒరిజినల్ ఉన్న ఫోన్ పాతబడిందని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసేముందు వకీలును ఒక మాట అడగండి.