మీకు తెలుసా? సగ్గుబియ్యం మురుగులో వంటగ్యాస్ ఉంది!

మన వడియాలకూ పాయసానికీ వాడే సగ్గుబియ్యంలో చాలా భాగం తమిళనాడులోని సేలం, నామక్కల్, ధర్మపురి జిల్లాల నుంచి వస్తుంది. ధర్మపురి అనగానే గోదావరి ఒడ్డు నరసింహస్వామిని తలుచుకోకండి. ఇది 1965లో సేలం నుంచి విడిపోయి జిల్లా అయిన ధర్మపురి. మన పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లులు చేసేదీ సగ్గుబియ్యమే.

అసలు సగ్గుబియ్యం ఆగ్నేయాసియాలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు బోదెలోంచి తీసేది. రెండో ప్రపంచ యుద్ధంలో దిగుమతులు ఆగిపోయాయి. 1943 ప్రాంతంలో సేలం వ్యాపారులు కర్రపెండలం దుంపతో తయారుచేయడం మొదలుపెట్టారు. అప్పటినుంచి మనం తింటున్నది ఈ దుంప పిండే.

దుంప తొక్క తీయాలి, కడగాలి, తురమాలి, నీళ్లు పోసి పిండిపాలు పిండాలి, తొట్లలో పిండి అడుక్కి దిగేదాకా ఆగాలి. ఆ తర్వాతే పూసలు చేసి పెనాల మీద వేయించడం, ఆరబెట్టడం. వేయించే దశకు వచ్చేలోపు ప్రతి మెట్టులోనూ నీళ్లే. టన్ను సగ్గుబియ్యానికి పదుల వేల లీటర్ల మురుగు బయటికి వస్తుంది. పిప్పిని పశువుల మేతకు కొనుక్కుపోతారు. నీళ్లను మాత్రం ఎవరూ కొనరు. వాటిలో మిగిలిన పిండి ఒకటి రెండు రోజుల్లో పులిసి, చుట్టుపక్కల ఊళ్లు ముక్కు మూసుకునే వాసన వేస్తుంది. చేదు రకం దుంపలైతే కొంత సయనైడ్ కూడా నీళ్లలోకి దిగుతుంది.

ఇక్కడే అసలు సంగతి. ఆ పులిసిన నీళ్లను గాలి చొరబడని తొట్టిలో మూసి ఉంచితే, గోబర్ గ్యాస్ ప్లాంటులో పనిచేసే సూక్ష్మజీవులే వాటిలోని పిండిని తిని మీథేన్ వాయువును వదులుతాయి. ప్లాంటు మొదలుపెట్టేటప్పుడు పేడనీళ్లు పోసేది వాటి కోసమే. వాటికి పులుపు పడదు కాబట్టి సున్నం కలిపి నీటిని సరిచేస్తారు. సేలం, ధర్మపురి ప్రాంతాల్లో చాలా మిల్లులు ఈ గ్యాస్‌తో జనరేటర్లు తిప్పుతున్నాయి, పెనాలు వేడిచేస్తున్నాయి.

ఎంత గ్యాస్ వస్తుంది? లెక్క మనమే వేసుకోవచ్చు. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని సీఓడీ అనే కొలతతో కొలుస్తారు. ఒక కిలో సీఓడీ తొలగితే 0.35 ఘనమీటర్ల మీథేన్ పుడుతుంది. లీటరుకు 5 గ్రాములు అనుకుందాం. సగ్గుబియ్యం మురుగుకు అది పెద్ద అంకేమీ కాదు. లక్ష లీటర్లలో 500 కిలోలు. అందులో 80 శాతం తొలగించినా 140 ఘనమీటర్ల మీథేన్ చేతికొస్తుంది. అంటే మన ఇంట్లోకి వచ్చే 14.2 కిలోల వంటగ్యాస్ సిలిండర్లు ఏడింటికి పైగా! ఇంజన్‌లో వాడితే సుమారు 400 యూనిట్ల కరెంటు. ఇదంతా మొన్నటిదాకా వాగులో పోసినది. పైగా తెరిచిన గుంటలో పులిస్తే ఆ మీథేన్ గాలిలో కలుస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే పాతిక రెట్లకు పైగా చెడ్డది.

అయితే గ్యాస్ తీసేస్తే నీళ్లు శుభ్రమైపోయాయని అనుకోకూడదు. ఐదో వంతు సేంద్రియ పదార్థం ఇంకా మిగిలే ఉంటుంది. పొలానికి పారించాలంటే బీఓడీ (సూక్ష్మజీవులు తినగల సేంద్రియ పదార్థానికి కొలత) లీటరుకు 100 మిల్లీగ్రాములు, నదిలోకి వదలాలంటే 30 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నిబంధన. అందుకని తొట్టి దాటిన నీళ్లకు గాలి కొట్టి మరో దశ శుద్ధి చేయాలి. గ్యాస్ లాభం కనిపిస్తుంది గనుక మొదటి దశను ఎవరైనా కడతారు. రెండో దశలో ఖర్చే తప్ప రాబడి లేదు. తనిఖీ చేసేవాళ్లు చూడాల్సింది దాన్నే.

ధర్మపురికి ఈ నీళ్లెందుకంత ముఖ్యం? అది వానలు తక్కువ పడే మెట్ట జిల్లా. భూగర్భ జలంలో ఫ్లోరైడ్. మన నల్లగొండ కష్టమే. జపాన్ రుణంతో హొగెనకల్ దగ్గర కావేరి నీటిని శుద్ధి చేసి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు తాగునీరిచ్చే పథకం 2013లో ప్రారంభమైంది. తాగడానికే నానా అవస్థలు పడే చోట, శుద్ధిచేసిన నీళ్లు కొబ్బరికో పశుగ్రాసానికో మళ్లితే బోరు మీద ఆ మేరకు భారం తగ్గుతుంది.

మిల్లు మురుగునే కాదు, ఊరి మురుగునూ ఇలా శుద్ధిచేసి వాడుకోవచ్చు. తెలుగు బాగా వినిపించే కర్ణాటకలోని కోలారు జిల్లా చెరువులకు 2018 నుంచి బెంగళూరు మురుగును శుద్ధిచేసి పంపుతున్నారు. పథకం సామర్థ్యం రోజుకు 44 కోట్ల లీటర్లు. ఎండిన బోర్లలో నీళ్లు పైకొచ్చాయి. కానీ శుద్ధి రెండో దశతోనే ఆగింది. మూడో దశ కూడా కావాలన్న రైతు సంఘాల పట్టు న్యాయమైనదే.

చివరిగా మన వంటింటికి. సగ్గుబియ్యం తెల్లగా మెరవాలని కొన్ని మిల్లులు బ్లీచింగ్ రసాయనాలు, ఆమ్లాలు వాడతాయి. సేలం ప్రాంతంలో ఆహార భద్రతా అధికారులు ఇందుకు దాడులు చేసిన సందర్భాలున్నాయి. ఆ రసాయనాలు మురుగులోకి చేరితే గ్యాస్ ఇచ్చే సూక్ష్మజీవులకు హాని. ఈసారి కొట్టుకు వెళ్లినప్పుడు తళతళలాడే తెల్ల రకాన్ని పక్కన పెట్టి, కాస్త మసక రంగులో ఉన్న సగ్గుబియ్యం అడగండి. పాయసం రుచి ఏమీ తగ్గదు.