నిప్పురవ్వకు ముహూర్తము

పొయ్యి అంటించిన మరుక్షణమున ఎసరు మరుగదు. పదిగంటలకు అన్నము వార్చవలెనన్న, ఇల్లాలు అంతకుముందే పొయ్యి రాజేయును. పాత మోటారు కార్ల ఇంజనులో నిప్పురవ్వను కొంచెము ముందుగా పుట్టించుటలోని మర్మము కూడ ఇదియే.

సిలిండరులో పిస్టన్ పైకి వచ్చుచు, గాలితో కలిసిన పెట్రోలు ఆవిరిని అదుమును. అప్పుడు ప్లగ్గు కొనయందు రవ్వ పుట్టును. ఆ మిశ్రమము ఒక్కుమ్మడిగా ప్రేలునని పలువురు తలంతురు. కాని మంట ఈ అంచునుండి ఆ అంచునకు ప్రాకవలెను. అందుకు ఒకటి రెండు మిల్లీసెకన్లు పట్టును. పిస్టన్ పైకొసను దాటి దిగనారంభించిన వెంటనే ఒత్తిడి మిక్కుటమైననే బలము చక్రములకు చేరును. కావున పిస్టన్ పైకొసకు చేరకమునుపే రవ్వ పుట్టవలెను. ఎంత ముందో క్రాంక్ షాఫ్టు తిరుగు డిగ్రీలలో లెక్కింతురు.

ఇంజను నిమిషమునకు 1000 చుట్లు తిరుగునప్పుడు ఒక మిల్లీసెకనులో 6 డిగ్రీలు తిరుగును; 3000 చుట్లు తిరుగునప్పుడు 18 డిగ్రీలు. మంట వేగము అదే పాళ్ళలో పెరుగదు. అందుచేత ఇంజను వేగము హెచ్చినకొలది రవ్వయు ముందునకు జరుగవలెను.

1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్ టి కారులో ఈ పని నడుపువాని చేతిదే. స్టీరింగు క్రింద ఎడమప్రక్క అందుకొక మీట ఉండెడిది. హ్యాండిలు త్రిప్పి ఇంజనును లేపుటకు ముందు ఆ మీటను పైకి నెట్టి రవ్వను ఆలస్యము చేయవలెను. మరచినచో ఇంజను ఎదురుతన్ని, హ్యాండిలు వెనుకకు విసురుగా తిరిగి మణికట్టు విరిగెడిది. తరువాతి కార్లలో ఈ భారమును డిస్ట్రిబ్యూటరులోని రెండు చిన్న బరువులు వహించినవి. వేగము పెరుగగా అవి విచ్చుకొని రవ్వను ముందుకు జరుపును. అయినను, తొలి ముహూర్తమును మనుష్యుడే పెట్టవలెను.

2014 వరకు మన దేశమున తయారైన అంబాసిడర్‌నే తీసికొందము. దాని పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజనుకు ముందుగా డిస్ట్రిబ్యూటరు పాయింట్ల ఎడము 0.014 నుండి 0.016 అంగుళము ఉండునట్లు సరిచేయవలెను. ఎడము మారిన ముహూర్తమును మారును. పిమ్మట గేరు తప్పించి, మొదటి సిలిండరు ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రముపై బొటనవ్రేలుంచి, ఇంజనును నెమ్మదిగా త్రిప్పవలెను. గాలి వ్రేలిని నెట్టినచో పిస్టన్ అదుముచు పైకి వచ్చుచున్నదని గ్రహింపవలెను. పుల్లీ మీది గాటు కంపెనీ పుస్తకము చెప్పిన డిగ్రీల గుర్తుకు ఎదురైనప్పుడు ఆపవలెను.

ఇక డిస్ట్రిబ్యూటరు బిగింపు వదులుచేసి, కాయిల్ నుండి వచ్చు సన్నతీగ తగిలించు చోటికిని ఇంజను లోహమునకును నడుమ 12 వోల్టుల చిన్న బల్బును కలిపి, తాళపుచెవి త్రిప్పవలెను. రేడియోలో స్టేషను పట్టునంత నిదానముగా డిస్ట్రిబ్యూటరును, లోని రోటరు తిరుగు దిశకు ఎదురుగా, త్రిప్పుచుండగా ఒకచోట బల్బు వెలుగును. పాయింట్లు విడివడు క్షణమదియే. రవ్వ పుట్టు క్షణమును అదియే. అక్కడనే బిగింపవలెను. డిస్ట్రిబ్యూటరు క్రాంక్ షాఫ్టులో సగము వేగమున తిరుగును గనుక ఇక్కడి 1 డిగ్రీ తప్పు అక్కడ 2 డిగ్రీలగునని మరువరాదు.

తుదితీర్పు రోడ్డుదే. టాప్ గేరులో చిన్న ఎత్తు ఎక్కుచు పెట్రోలు మీటను గట్టిగా నొక్కినప్పుడు, డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్లు ఎడతెగని గలగల వినబడినచో రవ్వ మిక్కిలి ముందు వచ్చుచున్నదని అర్థము. ఆ చప్పుడును ఉపేక్షించినచో పిస్టన్ తలకే చిల్లు పడవచ్చును. రవ్వ ఆలస్యమైనచో చప్పుడు లేకున్నను బలము తగ్గును, పెట్రోలు ఖర్చు పెరుగును, ఇంజను కాగిపోవును.

పుస్తకములోని అంకెలు నాటి పెట్రోలునకు వ్రాసినవి. 2000వ సంవత్సరముతో మన దేశమున సీసము కలిపిన పెట్రోలు అంతరించినది. నేడు పెట్రోలులో ఇథనాలు కలియుచున్నది. కాబట్టి ఆ అంకెతో మొదలుపెట్టి, ఇంజను మాట విని, ఒకటి రెండు డిగ్రీలు సవరించువాని చేతిలోనే పాతబండి పదికాలములు నడచును.