సగం పేరు మిగిలిన వాద్యం

పియానో అన్న మాటకు ఇటలీ భాషలో అర్థమేమిటో తెలుసునా? 'మెల్లగా' అని! హాలంతా దద్దరిల్లేటట్లు మోగగల వాద్యానికి ఇదేం పేరని అనుమానం కలుగక మానదు.

1700 ప్రాంతాన ఫ్లారెన్సు నగరంలో, మెదీచీ ప్రభువుల కొలువులో, బార్తొలోమేయో క్రిస్తోఫోరీ అనే వాద్య నిర్మాత ఉండేవాడు. అప్పట్లో అక్కడ బాగా వాడుకలో ఉన్న వాద్యం హార్ప్సికార్డు. దానికీ మన హార్మోనియానికి ఉన్నట్లే మెట్లుంటాయి. మెట్టు నొక్కితే, పక్షి ఈక మొదలుతో చేసిన ములుకు తీగను మీటుతుంది. సుతారంగా తాకినా, బలంగా మోదినా పలుకు ఇంచుమించు ఒక్కటే. వాయించేవాని కోపతాపాలు వ్రేళ్ళ దగ్గరే ఆగిపోవలసినదే!

క్రిస్తోఫోరీ ఈకను తీసివేసి చిన్న సుత్తిని అమర్చాడు. అది తీగను కొట్టి, వెంటనే తప్పుకొంటుంది. (తప్పుకొనకపోతే నాదం అణగిపోతుంది, అసలు తెలివంతా అక్కడే ఉన్నది.) వ్రేలి బలమెంతో నాదమంత. అందుకే 1700 నాటి మెదీచీల వాద్యాల జాబితాలో, ఈ కొత్త వాద్యం 'పియానో'నూ 'ఫోర్తే'నూ పలికిస్తుందని వ్రాశారు. వాద్యానికి ఆ మాటలే పేరయినాయి.

ఈ మాటలు తెలుగువారికి చక్కగా బోధపడతాయి. 'మెల్లగా నడు' అంటాము, 'మెల్లగా మాట్లాడు' అనీ అంటాము. 'గట్టిగా పట్టుకో', 'గట్టిగా పిలువు' - అదీ అంతే. ఇటలీవారి పియానో, ఫోర్తేలు అచ్చంగా ఇవే. ఇంగ్లీషువాడైతే ఒక్కొక్కదానికి రెండేసి మాటలు వెతుక్కోవాలి, పాపం!

పోను పోను, సత్యభామను భామ అన్నట్లు, పియానోఫోర్తే కాస్తా పియానో అయింది. భామ అన్నందువల్ల సత్యభామకు వచ్చిన లోటు లేదు. ఇక్కడ మాత్రం పేరులో సగం పోతే, అర్థమంతా పోయింది! ఈ వాద్యం గొప్ప మెల్లగా పలకడంలోనూ లేదు, గట్టిగా పలకడంలోనూ లేదు. ఒకదానినుంచి మరొకదానికి వ్రేలి చివరనే వెళ్ళగలగడంలో ఉన్నది. రష్యావారే నయం, ఈనాటికీ 'ఫోర్తెపియానో' అంటారు.

తమాషా ఏమంటే, మొదట్లో దీనికి వచ్చిన ఆక్షేపణ కూడా నాదం మరీ మెత్తగా ఉన్నదనే! 1711లో షిపియోనే మాఫేయి అనే పండితుడు ఒక వ్యాసంలో దానికి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. 1725లో ఆ వ్యాసం జర్మను భాషలో వెలువడింది. తరువాత జర్మనీలో జిల్బర్మన్ వంటి నిర్మాతలు ఈ పనిని అందిపుచ్చుకొన్నారు.

క్రిస్తోఫోరీ చేతి పియానోలు నేడు మూడే మిగిలాయి. 1720 నాటిది న్యూయార్కులో, 1722 నాటిది రోమ్‌లో, 1726 నాటిది జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉన్నాయి. పుట్టిన ఊరు ఫ్లారెన్సులో ఒక్కటీ లేదు.