నిలువ నీడ లేనివాళ్ళని 'ఇల్లు కదలొద్దు' అంటే...

"ఇల్లు కదలకండి, చేతులు కడుక్కోండి, మనిషికీ మనిషికీ మధ్య రెండు గజాల దూరం ఉంచండి." 2020లో ఈ మూడు మాటలూ వినని చెవి లేదు. మనమూ విన్నాం, తలుపులేసుకుని కూర్చున్నాం. కానీ కదలకుండా ఉండటానికి ఇల్లే లేనివాళ్ళు ఏం చెయ్యాలి? కడుక్కోవడానికి కుళాయి లేనివాళ్ళ మాటేమిటి?

మన జగ్గయ్యపేటలో, నందిగామలో అలాంటివాళ్ళు ఎక్కడున్నారండీ అనకండి. రాత్రి ఆఖరి సర్వీసులు వెళ్ళిపోయాక బస్టాండులో ఒకసారి చూడండి. మూసేసిన కొట్ల అరుగులు, గుడి మండపాలు చూడండి. కొడుకులు వెళ్ళగొట్టిన ముసలమ్మలు, మతి స్థిమితం లేనివాళ్ళు, పని వెతుక్కుంటూ వచ్చి రాత్రికి చోటు దొరకని కూలీలు అక్కడే కనిపిస్తారు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టగానే బస్సులు ఆగాయి, గుళ్ళు మూశారు, హోటళ్ళు కట్టేశారు. అంటే వాళ్ళకి పడుకునే చోటూ, మిగిలిన ఇడ్లీ దొరికే చోటూ ఒక్కసారే పోయాయన్నమాట.

అదే రోజు పేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాదులో హాస్టళ్ళు ఖాళీ చెయ్యమంటే పిల్లలు పోలీసులిచ్చిన పాసులు పట్టుకుని బయల్దేరారు. సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి ఆపేశారు. క్వారంటైన్‌కి ఒప్పుకుంటేనే లోపలికి అన్నారు. ఆడపిల్లలతో సహా వందలమంది రోడ్డు మీద పడిగాపులు పడ్డారు. కొందర్ని నూజివీడు ట్రిపుల్ ఐటీకి తరలించారు. ఆ పిల్లలకి ఊళ్ళో ఇల్లుంది, అమ్మా నాన్నా ఉన్నారు. అయినా ఆ రాత్రికి వాళ్ళూ నిలువ నీడ లేనివాళ్ళే అయ్యారు.

అవి మిరపకోతల రోజులు. కర్నూలు వైపు నించి గుంటూరు జిల్లాకి, ఛత్తీస్‌గఢ్ నించి ఖమ్మం వైపుకి కూలీలు వచ్చే కాలం. మన ప్రాంతం ఆ రెంటికీ మధ్యన ఉంది. ఎక్కడివాళ్ళక్కడ చిక్కుకుపోయారు. దేశమంతటా బళ్ళల్లో, కల్యాణ మండపాల్లో శిబిరాలు తెరిచారు. మార్చి 31న కేంద్రం సుప్రీంకోర్టుకి చెప్పిన లెక్క ప్రకారం 21,064 శిబిరాలు, వాటిలో 6,66,291 మంది. భాగించి చూస్తే ఒక్కో శిబిరానికి 31 మంది పైచిలుకు. వినడానికి బాగానే ఉంది. కానీ సరాసరి లెక్కలతో ఎప్పుడూ ఒక చిక్కుంటుంది కదా! ఒకచోట పదిమందీ, ఇంకోచోట రెండొందలమందీ ఉన్నా లెక్క సరిపోతుంది.

గది లెక్క మనమే వేసుకుందాం. పట్టణాల్లో నిరాశ్రయుల వసతికి కేంద్రం పెట్టిన నిబంధన ప్రకారం మనిషికి 50 చదరపు అడుగులు ఉండాలి. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఉన్న బడి గది తీసుకోండి. 400 చదరపు అడుగులు. అంటే ఎనిమిదిమంది! అదే చాపకి చాప ఆనించి పరిస్తే ఇరవైమంది పైనే పడతారు. కష్టకాలంలో ఏం చేస్తారో వేరే చెప్పాలా? ఒకళ్ళు దగ్గితే ఆ గాలే అందరూ పీల్చాలి. పైగా దోమలని కిటికీలు మూస్తారు. రోగానికి కావలసిందీ అదే.

అమెరికాలో బోస్టన్ ఊళ్ళో ఏం జరిగిందో చూడండి. 2020 ఏప్రిల్ మొదట్లో అక్కడి ఒక పెద్ద ఆశ్రయంలో జ్వరం ఉన్నవాళ్ళని మాత్రమే కాకుండా 408 మందికీ పరీక్ష చేశారు. 147 మందికి కరోనా ఉంది. వాళ్ళలో జ్వరం ఉన్నవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు! చాలామందికి దగ్గు కూడా లేదు. అంటే గుమ్మం దగ్గర నుదుటికి ఆ తుపాకీలాంటిది పెట్టి చూస్తే ఏం తెలుస్తుంది? దానికంటే పక్కలు ఆరడుగుల దూరంలో వెయ్యడం, ఒకరి తల ఉన్నవైపు పక్కవాళ్ళ కాళ్ళు ఉండేలా పడుకోబెట్టడం, కిటికీలు తీసి ఉంచడం మేలని అక్కడి ఆరోగ్యశాఖవాళ్ళు సలహా ఇచ్చారు. ఇవేమీ ఖర్చుతో పనిలేనివి. ఇంకోమాట కూడా చెప్పారు, దగ్గుతున్నవాణ్ణి బయటికి గెంటొద్దు, విడిగా ఒక గది చూపించమని. గెంటితే ఆ మనిషి ఎక్కడికి పోతాడు, ఇంకో గుంపులోకేగా!

"వీళ్ళవల్లే రోగాలు" అని చాలామంది అనడం విన్నాను. నాకది ఒళ్ళు మండే మాట. కరోనా మనదేశానికి వచ్చింది విమానాల్లో. అరుగు మీద పడుకునే ముసలమ్మ ఏ విమానం ఎక్కిందండీ?

టీకాల దగ్గరా ఇదే గొడవ. ముందు గుర్తింపు కార్డు చూపించమన్నారు. కార్డు లేని సాధువులకి, బిచ్చగాళ్ళకి, సంచారం చేసేవాళ్ళకి ఎలా వెయ్యాలో పద్ధతి చెప్పింది 2021 మేలో! అప్పటికి రెండో విడత కరోనా నడినెత్తిన ఉంది.

2010లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చాక లక్ష జనాభాకి ఒక శాశ్వత ఆశ్రయం అన్న లెక్క వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో పేటకీ లక్ష లేదు, నందిగామకీ లేదు. చలికి, వానకి మాత్రం ఊరి జనాభాతో పనేముంది?

కరోనా పోయిందిగా, ఇప్పుడీ గోల ఎందుకంటారా? గుంపుగా పడుకునేచోట క్షయ ఎప్పుడూ ఉంది. గాలిలోంచే అంటుకుంటుంది. గజ్జి ఒకళ్ళకి వస్తే చాప పంచుకున్న అందరికీ వస్తుంది. పైగా మనకి మున్నేరు ఒకటుంది. 2023 జూలైలోనూ, 2024 సెప్టెంబరులోనూ ఐతవరం దగ్గర హైవే మీదికే నీళ్ళొచ్చేశాయి. వరద వస్తే మళ్ళీ అవే బడి గదులు, అవే చాపలు. ఈసారి వాటిలో పడుకునేది మనమే కావచ్చు.

మనలో చాలామంది పాత దుప్పట్లు, చీరలు ఇస్తూనే ఉంటాం. ఇచ్చేముందు వేణ్ణీళ్ళలో నానబెట్టి ఉతికి, గట్టి ఎండలో ఆరెయ్యండి. ఉతకడానికి వీల్లేని బొంతలైతే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి వారంరోజులు వదిలెయ్యండి, గజ్జి పురుగు చచ్చిపోతుంది. తలా ఒక దుప్పటి ఇవ్వండి, ఇద్దరికొకటి వద్దు. నీళ్ళకి గ్లాసు కూడా అంతే. సబ్బు బిళ్ళ ఇవ్వడం మనకి తోచదు, కానీ అన్నం పొట్లంతోపాటు అదీ ఇవ్వండి.

మీ వీధి అరుగు మీద ఎవరైనా రెండువారాలు దాటి దగ్గుతుంటే ఆశా కార్యకర్తకి ఒకమాట చెప్పండి. కళ్ళె పరీక్ష సర్కారు ఆసుపత్రిలో ఉచితం, మందులూ ఉచితం. మామూలు క్షయకి ఆరునెలలు మానకుండా వాడాలి. తిండికని నెలకి ఇచ్చే 500 రూపాయల్ని 2024 నవంబరు నించి 1000 చేశారు. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా లేని మనిషైతే కూడా వెళ్ళి అది తెరిపించే ఓపిక మనలో ఎవరికో ఒకరికి ఉండాలి.